నది కొండెక్కిన మ్యాపు: అలాస్కాని కొలవడం వెనక గోల

కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక చిన్న మ్యాపింగ్ ఆఫీసులో చేసేవాణ్ణి. పెద్ద గొప్ప పనేం కాదు, స్కాన్ చేసిన పాత మ్యాపుల మీది గీతల్ని మౌస్‌తో మళ్ళీ గీయడం, షిఫ్ట్ అయ్యేసరికి కళ్ళు ఎర్రబడిపోయేవి. ఒకరోజు నైట్ షిఫ్ట్‌లో ఫైళ్ళేమీ రాలేదు, ఖాళీగా కూచోలేక అలాస్కా పాత టోపో షీటు (ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు) ఒకటి నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంటే దింపుకుని, దాంట్లో నదుల నీలం గీతలు మాత్రం తీసి, కొత్తగా వచ్చిన రాడార్ ఎత్తుల డేటా మీద పరిచి చూశా. ఒక వాగు లోయలో బుద్ధిగా పోతా పోతా సడన్‌గా పక్క కొండ వాలు ఎక్కేసింది, కొంత దూరం పైనే నడిచి, మళ్ళీ ఏం ఎరగనట్టు దిగి లోయలోకి వచ్చింది. నేనే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచే లెక్క) తప్పు పెట్టానేమో అని మూడుసార్లు చెక్ చేశా. చివరికి సీనియర్‌ని పిలిస్తే వచ్చి చూసి నవ్వి, "నీ తప్పు కాదు బాబూ, అలాస్కా షీట్లు అట్లనే ఉంటయ్" అని టీ తాగడానికి పోయాడు.

అమెరికా లాంటి దేశం, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన దేశం, దాని మ్యాపులో వాగు కొండెక్కడం ఏంటి అని అప్పట్నుంచి దీని వెంటపడి చదువుతూనే ఉన్నా. అలాస్కా మ్యాపు కంటే మార్స్ మ్యాపు నయం అని అక్కడి వాళ్ళే జోకులేసుకునేవాళ్ళంట. చదివినకొద్దీ అర్థమైందేంటంటే మ్యాపు అనేది ఒకటి కాదు, వేరే వేరే కాలాల్లో వేరే వేరే పద్ధతుల్లో కొలిచిన సంగతులన్నీ ఒక కాగితం మీద కలిసి కూచుంటాయి, కాగితం మాత్రం అన్ని గీతల్నీ ఒకే నమ్మకంతో చూపిస్తుంది. తిరకాసంతా అక్కడే.

ముందు కాంటూరు సంగతి. తెలుగువాళ్ళకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు, కొల్లేరు ఐదో కాంటూరు గొడవ, పోలవరం 41.15 మీటర్ల కాంటూరు, 45.72 మీటర్ల కాంటూరు, ఎవరి ఊరు మునుగుతుంది ఎవరికి ప్యాకేజీ వస్తుంది అని పేపర్లో ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాం. సముద్ర మట్టం నించి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీత అది, అంతే. నీళ్ళు ఆ ఎత్తు దాకా వచ్చి ఆగితే ఒడ్డు ఎక్కడ ఉంటుందో ఆ గీత అనుకోండి. ఈ గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు వాలు, దూరందూరంగా ఉంటే చదును. వాగు దాటే చోట ప్రతి కాంటూరూ వంపు తిరిగి వాగు ఎగువ వైపుకి మూతి పెడుతుంది. అందుకే బాగా గీసిన షీటులో నీలం గీత లేకపోయినా వాగు ఎక్కడ పారుతుందో చెప్పేయొచ్చు. ఈ మూతి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక అలాస్కా సైజు. దాదాపు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి ఆరు పెట్టొచ్చు, జనం మాత్రం ఏడు లక్షల చిల్లర. 1867లో రష్యా నించి 72 లక్షల డాలర్లకి కొన్నారు, కొన్నప్పుడు లోపల ఏముందో కొన్నవాళ్ళకీ తెలీదు అమ్మినవాళ్ళకీ సరిగ్గా తెలీదు, తీరం తెలుసు, యూకాన్ లాంటి పెద్ద నది కొంత తెలుసు. అక్కడే వేల ఏళ్ళుగా ఉంటున్న అథబాస్కన్, ఇనూపియాట్, యూపిక్ జనాలకి మాత్రం ప్రతి వాగూ ప్రతి కనుమా పేరుతో సహా తెలుసు, కాకపోతే వాళ్ళ మ్యాపు నోట్లో ఉండేది, కాగితం మీద కాదు.

మొదట వచ్చిన సర్వేయర్లు ఏం చేశారంటే నదుల్నే పట్టుకున్నారు. రోడ్డు లేని చోట నదే రోడ్డు కదా. 1885లో హెన్రీ అలెన్ అనే ఆర్మీ లెఫ్టినెంట్ కొద్దిమందితో కాపర్ నది ఎక్కి, కొండలు దాటి, టనానా దిగి, కొయ్యుకుక్ దాకా పోయాడు, ఒక్క సీజన్లో దాదాపు 1,500 మైళ్ళు. దారిలో తిండి అయిపోయి వాళ్ళు పడ్డ పాట్లు చదివితే మనకి అన్నం ముందు కూచోబుద్ధి కాదు, కాపర్ నది పెద్దమనిషి నికొలాయ్ తిండి పెట్టి ఆదుకోకపోతే ఆ మ్యాపు ఉండేదే కాదు. 1898లో అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు ఒకేసారి నాలుగు టీముల్ని దించారు. స్పర్, పోస్ట్ అనే ఇద్దరు నడిపిన టీము సుసిట్నా నది వైపు నించి పడవలతో బయల్దేరి, అలాస్కా పర్వతాల్ని దాటి, కుస్కోక్విమ్ నది పట్టుకుని బేరింగ్ సముద్రం దాకా దిగింది. పీటర్స్, బ్రూక్స్ ఇంకో టీముతో వైట్ నది మీదుగా టనానాలోకి. ఈ బ్రూక్స్ పేరే ఉత్తరాన ఉన్న బ్రూక్స్ పర్వతశ్రేణికి పెట్టారు.

వీళ్ళ పద్ధతి ఎలా ఉండేదంటే, కాంపస్‌తో నది ఏ దిక్కుకి తిరిగిందో చూసుకోవడం, వంపుకీ వంపుకీ మధ్య దూరం అంచనా కట్టడం, కుదిరినప్పుడు గట్టెక్కి ప్లేన్ టేబుల్ (కాళ్ళ మీద నిలబెట్టి అక్కడికక్కడే మ్యాపు గీసే బల్ల) పెట్టి కనపడే శిఖరాలకి కోణాలు తీసుకోవడం. మన మండల సర్వేయర్ గొలుసు పట్టుకొచ్చి పొలం గట్టు కొలిచినట్టు కొలవడానికి అక్కడ గట్టూ లేదు టైమూ లేదు, మంచు కరిగి మళ్ళీ పడేలోపు మూడు నాలుగు నెలలే. పైగా అక్కడ కాంపస్ ముల్లు అసలు ఉత్తరం చూపించదు, అప్పట్లో ఆ లోపలి ప్రాంతాల్లో పాతిక డిగ్రీలు దాటి తూర్పుకి తిరిగి ఉండేది, రాత్రి నక్షత్రాలు చూసి సరిదిద్దుకుందాం అంటే ఎండాకాలం రాత్రే సరిగ్గా పడదు. ఇన్ని ఇబ్బందుల్లో కూడా 1898లో రాబర్ట్ మల్డ్రో సుసిట్నా ఒడ్డు నించి కోణాలు తీసి డెనాలి శిఖరం ఎత్తు 20,464 అడుగులు అని లెక్కకట్టాడు, ఇవాళ మనం నమ్మే అంకె 20,310. తేడా 154 అడుగులు, ఒక శాతం కూడా కాదు. నాకైతే ఈ మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ గమనించండి, ఈ మ్యాపుల్లో నది వెంట సన్నని పట్టీ మాత్రమే నిజం. పడవలోంచి కనపడని దాన్ని ఊహించి గీశారు, లేదా తెల్లగా వదిలేశారు. వదిలేసినవాళ్ళే నిజాయితీపరులు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్. 1906లో ఉత్తర తీరానికి ఒక యాత్రలో పోయాడు, ఓడ మంచులో దెబ్బతింది, ఆ ఓడ చెక్కలతోనే ఫ్లాక్స్‌మన్ దీవిలో ఒక గుడిసె కట్టుకుని మిగతావాళ్ళు వెళ్ళిపోయినా ఈయన ఉండిపోయాడు. 1914 దాకా వస్తా పోతా తొమ్మిది ఎండాకాలాలు, ఆరు చలికాలాలు, ఎక్కువ భాగం సొంత డబ్బుతో, కుక్కల బండి మీదా చిన్న పడవ మీదా తిరుగుతూ కానింగ్ నది చుట్టుపక్కల తీరమంతా కొలిచాడు. నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే మంచు ఎట్లా చీలికలుగా దిగబడి పైన నేలని పలకలు పలకలుగా చేస్తుందో వివరంగా రాసింది ఈయనే, 1919లో ఆ రిపోర్టు అచ్చయింది. అక్కడ ఒక రాతి పొరకి సాడ్లరోచిట్ అని ఒక నది పేరు పెట్టాడు, తర్వాత 1968లో ప్రూడో బే దగ్గర బ్రహ్మాండమైన చమురు బయటపడింది ఆ పొరలోనే. ఆయన 1971 దాకా బతికున్నాడు కాబట్టి ఆ వార్త వినే ఉంటాడు.

సరే, నడకా పడవా అయ్యాయి, తర్వాత విమానం. రెండో ప్రపంచ యుద్ధం టైములో జపాన్ అల్యూషియన్ దీవుల మీదకి వచ్చేసరికి మ్యాపులు అర్జెంటుగా కావాల్సొచ్చాయి. అప్పుడు ట్రైమెట్రోగాన్ అనే పద్ధతి వాడారు, విమానానికి మూడు కెమెరాలు, ఒకటి సరిగ్గా కిందికి, మిగతా రెండూ కుడికీ ఎడమకీ వాలుగా, మూడూ ఒకేసారి క్లిక్‌మంటే ఈ దిగంతం నించి ఆ దిగంతం దాకా అంతా ఫోటోలో పడిపోయేది. అలాస్కా, ఉత్తర కెనడా ఇట్లాగే తీశారు. గాల్లోంచి చూడటం మొదలుపెట్టాక ఏమైందంటే, 1948లో కెనడా ఎయిర్‌ఫోర్స్ విమానం ఒకటి ఫాక్స్ బేసిన్ మీద తిరుగుతుంటే మ్యాపులో లేని దీవి ఒకటి కనపడింది, చిన్నదా చితకదా, 9,500 చదరపు కిలోమీటర్ల పైన, మన పాత కృష్ణా జిల్లా కంటే పెద్దది. ఇనుయిట్‌లకి ఎప్పట్నుంచో తెలుసు దాని గురించి, మ్యాపు చేసేవాళ్ళకే తెలీదు. అప్పుడే పుట్టిన రాజకుమారుడి పేరు పెట్టి ప్రిన్స్ చార్లెస్ దీవి అన్నారు.

ఫోటో నించి ఎత్తు ఎట్లా వస్తుంది అని మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అడిగేవాళ్ళు. బొటనవేలు మొహం ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరిచి మార్చి మార్చి చూడండి, వేలు గెంతుతుంది, వెనక గోడ గెంతదు. దగ్గరున్నది ఎక్కువ గెంతుతుంది. విమానం ముందుకి పోతా రెండు ఫోటోలు తీస్తే అవే రెండు కళ్ళు, కొండ కొన విమానానికి దగ్గర కాబట్టి రెండు ఫోటోల మధ్య ఎక్కువ జరుగుతుంది, లోయ తక్కువ జరుగుతుంది, ఆ జరుగుడు కొలిస్తే ఎత్తు. ఒక మిషన్లో రెండు ఫోటోలూ పెట్టి రెండు కళ్ళతో చూస్తే కొండ ఉబ్బి కనపడుతుంది, మధ్యలో ఒక చుక్క తేలుతుంది, ఆపరేటర్ ఆ చుక్కని నేలకి ఆనించి ఎత్తు మారకుండా నడిపిస్తే అదే కాంటూరు.

1950ల నించి వచ్చిన అలాస్కా షీట్లు చాలా భాగం ఇట్లా తయారైనవే, స్కేలు 1:63,360, అంటే ఒక అంగుళానికి ఒక మైలు, మన సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ పాత అంగుళం షీట్లదీ అదే స్కేలు. దీంట్లో రెండు లోపాలున్నాయి. ఒకటి, మంచు మీద ఆ చుక్క ఆనదు. తెల్లటి గ్లేషియర్ (మంచు నది) మీద గుర్తుపట్టడానికి ఒక రాయీ లేదు గీతా లేదు, రెండు ఫోటోల్లోనూ ఒకటే తెలుపు, ఆపరేటర్ అనుభవంతో గీసుకుంటూ పోవాల్సిందే. రెండోది, అసలైనది, ఫోటోల్ని భూమికి మేకు కొట్టి బిగించే కంట్రోల్ పాయింట్లు. అంటే ఈ రాయి ఇక్కడ ఉంది దీని ఎత్తు ఇంత అని నేల మీద ముందే కొలిచిపెట్టుకున్న గుర్తులు. అక్కడ అవి దొరికేదే తక్కువ, హెలికాప్టర్లు వచ్చాక శిఖరాల మీద దిగి కొన్ని పెట్టారు గానీ ఆ విస్తీర్ణానికి అవేం సరిపోతాయి. మేకులు దూరదూరంగా ఉంటే మధ్యలో గుడ్డ జారినట్టు ఫోటోలు జారిపోయాయి, కొన్నిచోట్ల వందల అడుగులు.

ఇప్పుడు మా వాగు దగ్గరకి వద్దాం. పాత కాగితం షీటు తీసి చూస్తే ఆ వాగు కొండెక్కదు! కాంటూర్ల మూతుల్లోంచి చక్కగా పారుతుంది. ఎందుకంటే నదీ కొండా రెండూ అదే ఫోటో నించి వచ్చాయి, జారితే రెండూ కలిసి అటే జారాయి, ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు లేటుగా ఉంటే ఎవరికీ లేటని తెలీదు చూడండి, అట్లా. కొత్త ఎత్తులు సరైన చోట వచ్చి పాత నది పాత చోటే ఉండేసరికి బండారం బయటపడింది. దాన్ని తప్పు అని నేను ఆ రాత్రి అనుకున్నా గానీ, నిజానికి అరవై ఏళ్ళుగా ఉన్న తప్పు కనపడిన క్షణం అది.

కాగితం మీద ఇదేం పెద్ద నష్టం కాదు, నడిచేవాడు కళ్ళతో చూసుకుంటాడు. కానీ అలాస్కాలో ఎనభై శాతానికి పైగా ఊళ్ళకి రోడ్డు లేదు, సరుకులూ పేషెంట్లూ టపా అన్నీ చిన్న విమానాల్లోనే. మబ్బు పట్టినప్పుడు పైలెట్ ముందున్న స్క్రీన్ మీద కొండ ఒక పక్కకి జరిగి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మరి శాటిలైట్లు ఏం చేస్తున్నాయి అంటారా. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 60 మీటర్ల పొడుగు కమ్మీ చివర రాడార్ పెట్టుకుని పదకొండు రోజులు తిరిగి ప్రపంచం ఎత్తుపల్లాలన్నీ కొలిచేసింది, మన నల్లమలా పాపికొండలూ అన్నీ అందులో వచ్చేశాయి. కానీ షటిల్ తిరిగే దారి వల్ల దక్షిణాన 56 డిగ్రీలు, ఉత్తరాన 60 డిగ్రీల దాకానే చూడగలిగింది. అలాస్కా చాలావరకు 60 పైన. అమెరికా పంపిన షటిల్‌కి మా ఊరి చెరువు గట్టు అందింది గానీ అమెరికాలో అన్నిటికంటే ఎత్తైన డెనాలి కొండ అందలేదు.

చివరికి 2010 నించి విమానాలకే రాడార్లు కట్టి పట్టీలు పట్టీలుగా రాష్ట్రమంతా తిప్పారు, దాదాపు పదేళ్ళ పని. ఒకే విమానం మీద రెండు యాంటెనాలు, నేల నించి తిరిగొచ్చే అల రెండింటికీ పిసరంత తేడాతో చేరుతుంది, ఆ తేడాలోంచి ఎత్తు. మళ్ళీ అవే రెండు కళ్ళ లెక్క, కాకపోతే ఈ కళ్ళకి మబ్బు అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. పొట్టి అలలు చెట్ల పైకొమ్మలకే తగిలి తిరిగొస్తాయి, పొడుగు అలలు ఆకుల్లోంచి దూరి నేల దాకా పోతాయి, కొన్ని చోట్ల రెండూ వాడారు. ఐదు మీటర్లకి ఒక ఎత్తు చొప్పున వచ్చింది, దాన్నించి 1:25,000 స్కేలులో పదకొండు వేల పైన కొత్త షీట్లు. ఇంకో పక్క మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు శాటిలైట్ ఫోటో జంటల్ని సూపర్ కంప్యూటర్‌కి ఇచ్చి ఆర్కిటిక్ మొత్తానికీ రెండు మీటర్ల గడులతో ఆర్కిటిక్‌డెమ్ అనే ఎత్తుల డేటా చేశారు, అది ఎవరైనా దింపుకోవచ్చు.

రాడార్ వచ్చింది కాబట్టి ఇక అంతా కరెక్టే అనుకుంటే 2013లో ఒక తమాషా జరిగింది. రాడార్ లెక్కలో డెనాలి 20,237 అడుగులే అని ప్రకటించారు, 1950ల నించి నమ్ముతున్న 20,320 కంటే 83 అడుగులు తక్కువ. ఎక్కినవాళ్ళు గోల. ఐదు మీటర్ల గడిలో సూదిలాంటి శిఖరం పడితే ఆ గడిలో ఎత్తుపల్లాలన్నీ కలిసిపోయి మొన చదునైపోతుంది, ఇడ్లీ పిండి గుంటలో పోసినట్టు. అందుకే 2015 జూన్‌లో నలుగురు జీపీఎస్ మోసుకుని పైకెక్కి నేరుగా కొలిచారు, 20,310 తేలింది. అంటే ఏంటి, రాష్ట్రమంతటికీ రాడారే బెస్ట్, ఒక్క శిఖరానికి మాత్రం మనిషే. ఆ కొండ పేరు మీద కూడా గొడవే, 2015లో డెనాలి అన్నారు, 2025 జనవరిలో మళ్ళీ మెకిన్లీ అన్నారు, కొయ్యుకోన్ జనం పిలిచే పేరే నేను రాస్తున్నా.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎంత సింపుల్‌గా చెప్పినా జనం నన్ను అనుమానంగానే చూస్తారు. జీపీఎస్‌కి సముద్ర మట్టం తెలీదు. అది భూమిని ఒక నున్నటి గుడ్డులా ఊహించుకుని దాని మీద నించి ఎత్తు చెప్తుంది, సముద్రం ఏమో గురుత్వాకర్షణ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఉబ్బి, తక్కువుంటే అక్కడ లోతుకి దిగి ఉంటుంది. హైదరాబాద్‌లోనే ఈ రెండిటికీ డెబ్బై ఎనభై మీటర్ల తేడా. ఫోన్ ఏదో ఉజ్జాయింపు లెక్కతో ఆ తేడా సర్దేసుకుంటుంది, మ్యాపుకి ఆ ఉజ్జాయింపు చాలదు. అలాస్కాలో గురుత్వాకర్షణ సరిగ్గా కొలవడానికే మళ్ళీ విమానాలు తిప్పాల్సొచ్చింది. ఇది చాలదన్నట్టు ఆగ్నేయ మూలన గ్లేషియర్లు కరిగి బరువు దిగిపోయేసరికి నేలే పైకి లేస్తోంది, గ్లేషియర్ బే చుట్టుపక్కల కొన్నిచోట్ల ఏడాదికి మూడు సెంటీమీటర్ల దాకా. ముప్ఫై ఏళ్ళకి దాదాపు మీటరు.

నదుల విషయానికొస్తే, ఇప్పుడు నీలం గీత ఎవరూ చేత్తో గీయట్లేదు, ఎత్తుల నించే పుట్టిస్తున్నారు. ప్రతి గడిలో నీటి చుక్క వేస్తే చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఏది పల్లమో అటు పోతుంది, అట్లా ఎన్ని గడుల నీళ్ళు ఒక గడిలోకి చేరుతున్నాయో లెక్కపెట్టి, ఫలానా సంఖ్య దాటితే వాగు, ఇంకా దాటితే నది. కొండల్లో ఇది భలే పనిచేస్తుంది, నది మళ్ళీ కొండెక్కే ఛాన్సే లేదు. యూకాన్, కుస్కోక్విమ్ డెల్టా లాంటి చోటకి వచ్చేసరికి మాత్రం కంప్యూటర్‌కి పిచ్చెక్కుతుంది. కోనసీమ లాంటి చదును, వేలకొద్దీ చెరువులు, వాలు ఎంతుందో కొలతలో తప్పు అంతకంటే ఎక్కువ, ఒక పొద బలిసి ఉన్నా దాన్ని ఆనకట్ట అనుకుని నీళ్ళని వెనక్కి తిప్పేస్తుంది. అప్పుడు మాలాంటివాళ్ళు ఫోటో పక్కన పెట్టుకుని కూచుని గట్లు తెంచుకుంటూ పోవాలి. నేను ఇంకో దేశం డెల్టా మీద ఆ పని ఆరు నెలలు చేశా, ఇప్పటికీ కలలో గట్లు తెంచుతుంటా.

ఇంత చేసి గీసినా నది ఆ చోటే ఉంటుందని ఎవరు చెప్పారు. టనానా, కాపర్ లాంటివి గ్లేషియర్ ఇసక మోసుకొచ్చి జడ పాయల్లా పదిగా చీలి పారతాయి, ఈ ఏడు ఉన్న పాయ వచ్చే ఏడు ఉండదు. అన్నిటికంటే గట్టి ఉదాహరణ మాత్రం అలాస్కా సరిహద్దుకి అవతల కెనడా యూకాన్‌లో జరిగింది. కాస్కవల్ష్ అనే గ్లేషియర్ మూతి దగ్గర కరిగిన నీళ్ళు రెండుగా చీలేవి, ఒక పాయ స్లిమ్స్ నదిగా ఉత్తరానికి పోయి క్లువాని సరస్సులో కలిసి అక్కణ్ణుంచి యూకాన్ నది ద్వారా బేరింగ్ సముద్రానికి, రెండోది దక్షిణాన ఆల్సెక్ నది ద్వారా పసిఫిక్‌కి. 2016 మే నెలాఖరులో గ్లేషియర్ వెనక్కి తగ్గిన చోట మంచులో దాదాపు 30 మీటర్ల లోతు గండి పడి, నీళ్ళన్నీ దక్షిణానికి తిరిగిపోయాయి. నాలుగు రోజుల్లో స్లిమ్స్ నీళ్ళు పడిపోయాయి, సరస్సు మట్టం తగ్గింది. సైంటిస్టులు దీన్ని నదీ దోపిడీ అంటారు, ఇదివరకు రాళ్ళలో జాడలు చూసి వేల ఏళ్ళ కిందటి సంగతి చెప్పేవాళ్ళు, ఈసారి కళ్ళముందే అయిపోయింది.

అలాస్కా హైవే మీద ఆ నదికి బ్రిడ్జి అట్లాగే ఉంది, దాని కింద చిన్న చిన్న పిల్లవాగుల నీళ్ళు కాసిని, గాలి వీస్తే బురద ఎండిన దుమ్ము మబ్బులా లేస్తుంది. పాత షీటులో అక్కడ లావుపాటి నీలం నది ఉంటుంది. మా ఆఫీసు రూలు ప్రకారం ఏడాదిలో కొన్నాళ్ళే పారే వాగుకి విడివిడి గీత వేయాలి, నన్నడిగితే ఇప్పటికి స్లిమ్స్‌కి అదే వేస్తా.